ముప్పై నాలుగో ఆకు

తిరుచానూరు లాడ్జి భోజనాల హాల్లో ముప్పై నాలుగు ఆకులు వేశారు. ముప్పై ముగ్గురే కూర్చున్నారు. పోయిన వారం మనం కోమలిని పొంగలి గరిటెతో ఆ ఖాళీ ఆకు ముందు నిలబెట్టి వచ్చేశాము. ఆమె ఇంకా అక్కడే ఉంది.

చిత్తూరు నుంచి మూడు రోజుల యాత్రకు బయల్దేరిన పెద్దవాళ్ల బృందం అది. అందరూ అరవై ఐదు దాటినవాళ్లే. మొదటి రాత్రి కాణిపాకంలో, రెండో రాత్రి తిరుమలలో పడుకుని, ఈ పొద్దున ఘాట్ రోడ్డు బస్సులు రెండింటిలో కిందికి దిగారు. మధ్యాహ్నం అమ్మవారి దర్శనం చేసుకుంటే సాయంత్రానికి ఇళ్లు చేరతారు. వాళ్లను కనిపెట్టుకుని ఉండవలసినవాళ్లు ముగ్గురు. వచ్చింది కోమలి, స్రవంతి ఇద్దరే. మగవాళ్ల వెంట గుండ్ల దగ్గరికీ స్నానాలకీ వెళ్లవలసిన మనిషి బయల్దేరే రోజు రాలేదు. "ఈ ఒక్కసారికి సర్దుకోక్కా" అన్నాడు ట్రావెల్స్ యజమాని మునిచంద్ర. పద్నాలుగేళ్లు ఆసుపత్రిలో ఆయాగా పనిచేసి వచ్చిన కోమలికి సర్దుకోవడం కొత్త కాదు. సర్దుకుంది.

ఆ ఆకు డెబ్బై నాలుగేళ్ల దొరస్వామిది. చిత్తూరు బెల్లం మండీలో ముప్పై ఏళ్లు కాటా వేసినాయన.

స్రవంతి మెట్లు దిగి వచ్చింది. "ఏ గదిలోనూ లేడక్కా. బాత్రూములన్నీ చూసినాను. డాబా మీదకీ పోయొచ్చినాను."

పొద్దుటి నుంచి కోమలి ఫోను మోగుతూనే ఉంది. పాలవాడు, గదుల తాళాల మనిషి, మునిచంద్ర రెండుసార్లు, కొండ మీద నుంచి ఎవరో ఒకామె. అన్ని గొంతుల మధ్య ఈ ఒక్క గొంతు లేదన్న సంగతి తనకు ఎందుకు తట్టలేదు? బస్సుల దగ్గర లెక్క సరిపోయింది. ముప్పై నాలుగు పేర్లూ పలికాయి.

"నువ్వు మళ్లీ కొండకు పో" అని స్రవంతి చేతిలో దొరస్వామి దరఖాస్తు పెట్టింది. "బస్సులు ఎక్కిన చోట ముందర చూడు. పోలీసులకు చెప్పు. మైకులో పేరు పిలిపించు."

స్రవంతి దరఖాస్తు మీద ఫొటో చూసింది. ఏకిన దూదిలాంటి జుట్టు, చెవులదాకా పోయిన తెల్ల మీసం. నిన్న కల్యాణకట్టలో రెండూ పోయాయి. "అక్కా, ఈ ఫొటో చూపిస్తే ఎవరు గుర్తుపడతారు?"

"నువ్వు గుర్తుపడతావు గదా. పో."

కొండ బస్సు పట్టుకోవడానికి ఆ పిల్ల ఆటో ఎక్కింది. ఇక ముప్పై ముగ్గురికి కోమలి ఒక్కతే. వాళ్లలో ఇద్దరికి మోకాళ్ల నొప్పులు, ఒకామెకు చక్కెర, ఒకాయనకు వినపడదు.

వడ్డించే మనిషి ఏమీ అడగకుండా ఆ ఖాళీ ఆకు ఫ్యాను గాలికి లేవకుండా దాని మీద నీళ్ల గ్లాసు పెట్టి, తరువాతి వరసకు వెళ్లిపోయాడు. ఆకు తీసేయకపోవడమే ఆ పూట కోమలికి దొరికిన మొదటి ఓదార్పు.

మునిచంద్ర మళ్లీ ఫోను చేశాడు. ఆమె చెప్పింది.

"ఎవరికీ చెప్పొద్దక్కా. ముసిలాయన యాడికి పోతాడు? యాదో టీ కొట్టు కాడ కూర్చోని ఉంటాడు. వాళ్ల కూతురు పదకొండుకు వస్తాంది గదా అమ్మవారి దర్శనానికి, ఆ లోపల దొరికిపోతాడులే."

"మగమనిషిని పంపించు అన్నాను మునిచంద్రా."

"అది ఇప్పుడు మాట్లాడే మాటనా?"

"ఎప్పుడు మాట్లాడేది?"

అతను సిగ్నలు లేదన్నట్టు రెండుసార్లు హలో హలో అని పెట్టేశాడు.

హాల్లో మాటలు తగ్గాయి. చక్కెర మనిషి సుబ్బులమ్మ మాత్రం తన సహజమైన గొంతుతో పక్కామెతో అంటోంది. "నిన్ననే చెప్పినాను. మొగోళ్లందరూ బోర్లించిన బానల మాదిరి ఉండారు, యముడొచ్చినా ఒగరి బదులు ఇంగొకర్ని ఎత్తుకపోతాడు అని." నిన్న ఆ మాటకు బృందమంతా కడుపు పట్టుకుని నవ్వింది. ఇవాళ ఎవరూ నవ్వలేదు. ఆమెకే గుర్తొచ్చి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

గోడ వారన మునిరామయ్య పొంగలి ముట్టకుండా కూర్చుని ఉన్నాడు. దొరస్వామి జత ఆయనే.

జత అంటే కోమలి పెట్టిన పద్ధతి. బస్సు కదిలే ప్రతిసారీ పేర్లు పిలిస్తే పెద్దవాళ్లు విసుక్కుంటారు. కొందరికి వినపడదు, కొందరు పక్కవాడి పేరుకు పలుకుతారు. అందుకని ఇద్దరిద్దరిని జత చేసింది. "జత ఉండారా?" అని ఆమె అడుగుతుంది. ఎవరూ తమ పేరు చెప్పకూడదు. పక్కన చూసుకుని తన జత పేరు చెప్పాలి. దొరస్వామి "మునిరామయ్య ఉండాడు" అనాలి, మునిరామయ్య "దొరస్వామి ఉండాడు" అనాలి. రెండేళ్లలో పదకొండు యాత్రలు జరిగాయి. ఒక్కరు తప్పిపోలేదు.

ఆమె మునిరామయ్యను వరండాలోకి తీసుకువెళ్లి కుర్చీ వేసింది. తను మెట్టు మీద కూర్చుంది.

"నాయనా, బస్సు కాడ నేను పిలిచినప్పుడు ఏమి చెప్పినావు?"

"దొరస్వామి ఉండాడు అని చెప్పినాను."

"చూసి చెప్పినావా?"

మునిరామయ్య మెడలోని పసుపు తువ్వాలు అంచు మడిచాడు, విప్పాడు. "ఎనక బస్సులో ఎక్కుతా ఉంటే చూసినాను మ్మా."

"ఆయనే అని ఎట్ల తెలిసింది?"

"గుండు. పసుపు తువ్వాలు."

"మన మగవాళ్లు పదహారుమంది. గుండూ, పసుపు తువ్వాలూ లేనోళ్లు ఎంతమంది నాయనా?"

వీధిలో పూలమ్మే ఆమె బుట్ట మీద తడిగుడ్డ మార్చుకుంటోంది. ఎండ అప్పుడే ముదిరిపోయింది.

"చూడలేదు" అన్నాడు చివరికి. "ఎవురినీ చూడలేదు. పక్కన లేడు. అయినా చెప్పినాను. వాడు చెప్పాల్సిన నా పేరు కూడా నేనే చెప్పినాను."

"ఎందుకు?"

"అలవాటయిపోయింది మ్మా."

కోమలి ఆయన మోకాలి మీద చెయ్యి వేసింది. కోపం రావలసిన చోట ఆమెకు రాలేదు. వస్తే కొంచెం సులువుగా ఉండేది.

"వానికి ఏడాదిన్నరగా ఇట్ల ఉండాది" అన్నాడు మునిరామయ్య. "తూకంలో ఒగ పలం తప్పినోడు కాదు. పోయినేడు మండీ వీధిలో నడిమధ్యన నిలబడుకోని, మండీకి దోవ యాడ అబ్బా అని నన్నే అడిగినాడు. ఎగతాళి చేస్తాండాడు అనుకున్నాను. మొగం చూస్తే ఎగతాళి కాదు. ఆ పొద్దుటి నుంచి నేను వాని ఎంటనే ఉండాను. టీ కొట్లో రెండుసార్లు దుడ్లిస్తే ఒగటి నేను ఎనక్కి తీసుకుంటాను. పేరు అడిగితే నేను చెప్తాను. నవ్వుతా చెప్తాను, వాడు మాట్లాడేదానికి బద్దకించినట్ల."

"దరఖాస్తులో మతిమరుపు లేదు అని రాసి ఉండాది."

"వాని కూతురు లోహిత రాసింది. నేను పక్కనే ఉండాను." ఆయన మొదటిసారి తల ఎత్తాడు. "ఉండాది అని రాస్తే మీరు తీసుకుంటారా?"

తీసుకోరు. ఇంటి మనిషి తోడు వస్తేనే మతిమరుపు ఉన్నవాళ్లను తీసుకుంటారు. అది కోమలి పెట్టించిన నిబంధనే. లోహిత మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. సీజన్లో ఆదివారం తప్ప సెలవు లేదు.

"ఒగసారి కొండెక్కాల అని అడిగినాడు మ్మా. అది మాత్రం మరిచిపోలేదు. దినామూ అడిగేటోడు. ఇంకా కొన్నాళ్లకు అదీ మరిచిపోతాడు గదా. ఆ లోపల చూపించేస్తాము అని నేనూ ఆ పాపా అనుకున్నాము. బస్సు కాడ పక్కన లేడు అంటే నువ్వు బస్సు నిలబెట్టేస్తావు. గొడవ అయ్యేది. అందరికీ తెలిసిపోయేది. రెండు రోజులు దాచినాను, ఇంగ ఒగ పగలు గడిస్తే ఇల్లు. యాడో రెండడుగుల దూరంలోనే ఉంటాడులే, ఎప్పుడూ అట్లనే దొరికేటోడు."

కోమలికి కాణిపాకం గుర్తొచ్చింది. మొదటి రోజు సాయంత్రం సత్రం వరండాలో దొరస్వామి చొక్కా ముందుకూ వెనక్కూ తిప్పుకుంటూ నిలబడ్డాడు. మునిరామయ్య ఏదో హాస్యమాడుతూ వచ్చి, ఆయన చేతులు చొక్కాలో పెట్టి, పై గుండీ పెట్టాడు. గుండీ పెట్టించుకుంటూ దొరస్వామి చిన్నపిల్లవాడిలా గడ్డం పైకెత్తాడు. కోమలి చూసింది. పద్నాలుగేళ్లు వార్డులో అలాంటి గడ్డాలు ఎన్నో చూసింది. అదేమిటో ఆమెకు ఆ క్షణంలోనే తెలిసింది.

తెలిసి ఏం చేయాలి? ఇంటికి పంపాలంటే ఒక మనిషిని తోడివ్వాలి. ఉన్నదే ఇద్దరు. ఒకరు పోతే మిగతా ముప్పై ముగ్గురికి ఒక్కరు. సరిగ్గా ఇప్పుడున్నట్టు. ఆమె చూపు తిప్పుకుని మాత్రల పెట్టె తెరిచింది. చూపు తిప్పుకోవడానికి ఒక గుండీ పెట్టేంత సేపు కూడా పట్టలేదు.

"తప్పు నాదే మ్మా" అన్నాడు మునిరామయ్య.

"నీ ఒక్కనిదే కాదు నాయనా" అంది. "మెడలో కార్డు ఉండాది గదా ఆయనకు? పేరు, ఊరు, నంబరు అన్నీ ఉంటాయి."

మునిరామయ్య జేబులో చెయ్యి పెట్టి తీసిన కార్డులు రెండు. రెండింటి నీలం తాళ్లూ ముడిపడి ఉన్నాయి.

"గుండు గీసేటప్పుడు తీసేయమన్నారు. తడుస్తాది అని నేనే జోబులో ఏసుకున్నాను. మళ్లా ఏసేది మరిచిపోయినాను." ఆయన రెండు కార్డులనూ ఆమె చేతిలో పెట్టాడు. "నేను మరిచిపోయినాను మ్మా. వాడు కాదు."

కోమలి ఆ తాళ్ల ముడి విప్పడానికి ప్రయత్నించింది. రాలేదు.

"సంచి?" అంది చటుక్కున.

"సంచి వాని భుజానే ఉండాది. దాంట్లోనే మజ్జానం మాత్రలు కూడా."

ఆమె లేచి నిలబడింది. అందరికీ ఇచ్చిన పసుపు సంచుల మీద ట్రావెల్స్ పేరూ, దాని కింద కోమలి ఫోను నంబరూ ఉంటాయి. అందరికీ కనపడేటంత పెద్ద అక్షరాలు. "అయితే ఎవరో ఒకరు చూస్తారు నాయనా. చూసినోళ్లు ఫోను చేస్తారు. స్రవంతి మైకులో పేరు పిలిపిస్తాది. దొరస్వామి, దొరస్వామి అని కొండంతా వినపడుతాది."

"వినపడినా పలకడు మ్మా."

"ఎందుకు పలకడు?"

"ఆ పేరు తనదని ఇప్పుడు వానికి తెలియదు. నిన్న రాత్రి నేనే అడిగి చూసినాను, నీ పేరేమిరా అని." మునిరామయ్య ఒక్కొక్క మాటా బరువు చూసి దించుతున్నట్టు చెప్పాడు. "నా పేరు చెప్పినాడు. రెండు రోజులుగా బస్సు కాడా, గది కాడా, క్యూలోనా నువ్వు అడిగితే వాడు చెప్తాండేది అదొగటే గదా. మునిరామయ్య ఉండాడు, మునిరామయ్య ఉండాడు అని. నేనే మోచేత్తో పొడిచి చెప్పించినాను. ఇంగ వాని నోట్లో మిగిలుండే పేరు అదే. ఎవురు అడిగినా మునిరామయ్య అనే అంటాడు."

కోమలి చేతిలో కార్డులు జారి కింద పడ్డాయి.

కొండ మీద నుంచి ఎవరో ఒకామె.

పొద్దున ఎనిమిదీ నలభై. అందరూ గదులకు సామాన్లు చేర్చి కాఫీలు తాగుతున్నారు. తాళాల మనిషి ఒక పక్క అరుస్తున్నాడు. ఫోనులో తెలియని గొంతు. "అమ్మా, మీ నంబరుండే సంచి తగిలించుకోని ఒక పెద్దాయన నా కొట్టు కాడ కూర్చోనుండాడు. ఊరు చిత్తూరంట. పేరు మునిరామయ్యంట. మీ మనిషేనా?" కోమలి తల తిప్పింది. రెండడుగుల దూరంలో మునిరామయ్య కాఫీ ఊదుకుంటూ కూర్చుని ఉన్నాడు. ఆమె నవ్వింది కూడా. "మా మునిరామయ్య నా కళ్ల ముందరే కాఫీ తాగతా ఉండాడు తల్లీ. పాత యాత్రలోళ్లు సంచులు అందరికీ ఇచ్చేస్తా ఉంటారు. మా మనిషి కాదు."

మా మనిషి కాదు.

ఆమె ఫోనులో పొద్దుటి నుంచి వచ్చిన కాల్స్ వెతికింది. మునిచంద్ర, పాలవాడు, మునిచంద్ర, దాని కింద పేరు లేని నంబరు. రెండు మోతలకే ఎత్తారు. వెనక పాలు కాగుతున్న చప్పుడు.

"అమ్మా, పొద్దున మీరు ఫోను చేసినారు. పెద్దాయన గురించి."

"అవును మ్మా. మీది కాదు అంటిరి గదా?"

"మా మనిషే. మా మనిషే తల్లీ. ఉండాడా?"

అవతల గ్లాసు కింద పెట్టిన చప్పుడు. "అయ్యో దేవుడా" అంది ఆమె మెల్లగా. "గంటసేపు కూర్చోబెట్టుకున్నాను మ్మా. రెండిడ్లీలు తిన్నాడు. దుడ్లిస్తానన్నాడు, నేను తీసుకోలేదు. చెప్పులు లేకుండా ఉంటే మా ఇంటాయన పాత చెప్పులు ఏసినాను, ఎండకు కాళ్లు కాలతాయి అని. నా చేతికి పిండి ఉండాది, అందుకని ఫోను స్పీకర్లో పెట్టినాను. నువ్వు చెప్పింది ఆయనా విన్నాడు."

"విని?"

"నవ్వినాడు. మా మనిషి కాదంట, అన్నాడు నాతో. ఎవురి గురించో చెప్పినట్ల. మళ్లా ఊరకనే కూర్చున్నాడు. పాలు పొంగుతా ఉంటే అటు తిరిగినాను. ఇటు చూస్తే బెంచీ మీద సంచి మాత్రమే ఉండాది. మడిచి పెట్టినాడు మ్మా, నీటుగా. తనది కానిదాన్ని పెట్టిపోయినట్ల."

"ఎటు పోయినాడు?"

"ఎట్ల చెప్పేది తల్లీ? వేలమంది పోతా ఉండారు. సగం గుండ్లే."

స్రవంతి అనే అమ్మాయి వస్తుందనీ, ఆ సంచి దాచి ఉంచమనీ చెప్పి కోమలి ఫోను దించింది. స్రవంతికి చేసి కొట్టు ఎక్కడో చెప్పింది. మైకులో మునిరామయ్య అని పిలిపించమంది. తన మాట తనకే వింతగా వినపడింది. స్రవంతి ఎక్కిన బస్సు ఇంకా కొండ కింద అలిపిరి తనిఖీ దగ్గరే ఆగి ఉందట. ఇప్పుడు ఆయన దగ్గర పేరు లేదు, కార్డు లేదు, సంచి లేదు, మాత్రలు లేవు. ఎవరివో చెప్పులు మాత్రం ఉన్నాయి. ఆమె మనసులో ఆ చెప్పులనే పట్టుకుని నిలబడింది. కాళ్లు కాలడం లేదు. అంతవరకు నిజం.

అంతా విన్న మునిరామయ్య కింద పడిన కార్డులు ఏరి, దొరస్వామిది పైకి వచ్చేట్టు మోకాలి మీద పెట్టుకున్నాడు.

సుబ్బులమ్మ గుమ్మంలోంచి తొంగి చూసింది. "పాపా, నా మాత్ర నేను ఏసుకున్నానులే. ఆ చెవిటాయనకు కూడా ఏసినాను. మా గురించి నువ్వు దిగులు పడొద్దు" అని చెప్పి లోపలికి వెళ్లిపోయింది.

లాడ్జి ముందు ఆటో ఆగింది. ఇంకా పది కూడా కాలేదు.

దిగినామె ముప్పై ఐదేళ్ల మనిషి. చేతిలో బట్టల సంచి. ఫొటోలో దొరస్వామికి ఉన్న వెడల్పు నుదురే ఆమెకూ ఉంది. కోమలి పరిచయం అడగనవసరం లేకపోయింది.

"కోమలక్కా నువ్వేనా? నేను లోహితను. పదకొండు అన్నాను గానీ, నిద్ర పట్టలేదక్కా, మొదటి బస్సుకే ఎక్కేసినాను." ఆమె సంచిలోంచి తెల్లని గుడ్డ టోపీ ఒకటి తీసింది. "రాత్రి నేనే కుట్టినాను, గుండుకు ఎండ తగలకూడదని. మా నాయన ఉండాడా లోపల?"

కోమలి నోరు తెరిచింది. చెప్పవలసిన మాట ఒక్కటే.

ఆమె కంటే ముందు మునిరామయ్య పలికాడు. అబద్ధం చెప్పాలని కాదు. ఆ ప్రశ్న ఆ రెండు రోజుల్లో ఆయన లోపలికి ఎంత దూరం పోయిందో, జవాబు అంత దూరం నుంచి తనంతట తాను వచ్చేసింది.

"ఉండాడు మ్మా."

"అమ్మయ్యా!" లోహిత భుజాలు దిగిపోయాయి. ఏడాదిన్నరగా మోస్తున్నదేదో గుమ్మం దగ్గర దించినట్టు ఆమె నవ్వింది. "నువ్వుండావనే పంపించినాను పెదనాయనా."

కోమలి "లోహితా, నిలబడు" అంటూనే ఉంది. లోహిత అప్పటికే చెప్పులు విడిచి లోపలికి నడిచింది. వరసలో పొంగలి వడ్డించని ఆకు ఒక్కటే ఉంది. దాని ముందు కూర్చుని, ఆకు మీది నీళ్ల గ్లాసు తీసి పక్కన పెట్టింది.

"నాకే పెట్టి ఉంచినట్లుండారే" అంది, టోపీని ఒళ్లో పెట్టుకుని. "నాయన వచ్చే లోపల రెండు ముద్దలు పెట్టక్కా, ఆకలి దంచేస్తాంది."